బావమరిది ఛాతీ మీద బావ గుండె

ఆ రోజు పొద్దున టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆస్పత్రి పంపిన పట్టీని ఛాతీకి అంటించుకోవాలి, మధ్యాహ్నానికల్లా బడిపిల్లల చొక్కాలకు కాజాలు కుట్టాలి. కిందటేడు ఆయన గుండె లయ తప్పితే, డాక్టరమ్మ తొడ దగ్గర నరంలోంచి సన్నని తీగను గుండె దాకా పంపి, తప్పుడు దెబ్బలు పుట్టే చోటును కాల్చి సరిచేసింది. ఒక్క కుట్టు పడలేదు. జీవితమంతా కుట్లు వేసి బతికిన మనిషికి ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పట్టీ గుండె చప్పుడును ఎప్పటికప్పుడు ఎక్కడో దూరాన ఉన్న కేంద్రానికి చేరవేస్తుంది. దేశం మొత్తంలో ఈ చికిత్స చేయించుకున్నవాళ్లు ఎలా ఉన్నారో, ఏ డాక్టరు చేసిన పని ఎలా నిలిచిందో అక్కడ చూస్తారు. టైలరు భయమంతా అదే. ముందురోజు మెట్లెక్కుతుంటే గుండె కాస్త దడదడలాడింది. అది పట్టీకి దొరికితే దేశం ముందు డాక్టరమ్మ పరువు ఏం కావాలి?

అందుకని భార్య తమ్ముణ్ణి పిలిచాడు. బావమరిది గుండ్రాయిలా ఉంటాడు, జలుబు కూడా ఎరుగడు.

"ఒక్కరోజు పెట్టుకోరా. అక్కకు చెప్పకు."

"నా గుండెకు నూటికి నూరు రాకపోతే అడుగు బావా" అంటూ అతను చొక్కా విప్పాడు.

గంట తిరక్కుండా కేంద్రం నుంచి ఫోను. కదలకుండా పడుకోవాలట, అంబులెన్సు బయల్దేరిందట. నిక్షేపంలా ఉన్నానని టైలరు ఎంత చెప్పినా వాళ్లు వినలేదు. మీకు తెలియకపోవచ్చు గానీ మీ గుండె మాకు కనిపిస్తోంది అన్నారు. దొంగతనం బయటపడిందనుకుని ఆయనకు ముచ్చెమటలు పోశాయి. ఆ చెమటలు చూసి భార్య ఘొల్లుమంది. ఆమె ఏడుపు చూసి, అంబులెన్సులో వచ్చినవాళ్లు ఇంకేమీ అడక్కుండా ఆయన్ని స్ట్రెచరు ఎక్కించారు. మెట్లు ఇరుకు. సాయానికి బావమరిదే ముందుకొచ్చి తలవైపు ఎత్తాడు.

మెట్లు దిగేకొద్దీ ఫోనులో కేంద్రం వాళ్ల గొంతు పెరిగింది. పేషెంటు గుండె అంతకంతకూ అదుపు తప్పుతోందట. చెయ్యి పట్టుకుని చూస్తున్న నర్సు మాత్రం ఇక్కడ బాగానే ఉందంటూ తెల్లబోయింది. మలుపు దగ్గర స్ట్రెచరు దించితే కాస్త నెమ్మదించిందన్నారు. మళ్లీ ఎత్తగానే మళ్లీ మొదలైందన్నారు.

టైలరు తలెత్తి బావమరిది మొహం చూశాడు. పుట్టినప్పటి నుంచీ ఆ గుండెను మోసుకు తిరుగుతున్నవాడికే తెలియని సంగతి, ఆ మొహం ఎరగని వాళ్లకు అంత దూరాన తెలిసిపోయింది. నిజం చెబితే ఇక డాక్టరమ్మ మొహం చూడలేడు. చెప్పకపోతే ఈ పిచ్చివాడు తనను వీధి దాకా మోస్తాడు.

"నన్ను దించండి. పడుకోవలసింది నేను కాదు, వీడు. పట్టీ వీడి ఒంటి మీదుంది."

ఆస్పత్రిలో టైలరుకు కొత్త పట్టీ అంటించి చూశారు. గుండె గడియారంలా నడుస్తోంది. ఆ దడ మెట్లెక్కితే ఎవరికైనా వచ్చేదేనట. తీగ పంపవలసి వచ్చింది బావమరిదికి. అంతా అయ్యాక డాక్టరమ్మ టైలరు దగ్గరికొచ్చి కూర్చుంది.

"నా పరువు కాపాడబోయి ఇతని ప్రాణం కాపాడారు. ఇంకెప్పుడూ ఎవరినీ కాపాడకండి."

ఏడాది తిరిగింది. బావమరిది ఇంటికి పట్టీ వచ్చింది. పొద్దుటి నుంచీ అతను పక్కింటాయన ఆరోగ్యం గురించి వాకబు చేస్తున్నాడు.