ముప్పై ఒకటో అంతస్తులో దత్తత కుటుంబం

వైద్యవిద్యకు పట్టిన సకల దరిద్రాలకూ కుటుంబ వైద్యమే విరుగుడని ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో ఆ విభాగాధిపతి డాక్టర్ నరసింహమూర్తి గారు ఏసీ హాల్లో మైకు పట్టుకుని ప్రకటించారు. కాబట్టి ప్రతి విద్యార్థీ పల్లెలో ఒక కుటుంబాన్ని దత్తత తీసుకుని దాని ఆరోగ్యం చూడాలి. పల్లెగా హైదరాబాద్ అంచున ఆకాశహర్మ్యాలతో నిండిన కోకాపేటను ఎంపిక చేశారు. (కాలేజీ రికార్డుల్లో అదింకా పల్లెటూరే. మార్చాలంటే ఉపసంఘం వేయాలి. ఉపసంఘానికి గది దొరకలేదు.)

రెండో ఏడాది చదువుతున్న రసజ్ఞకు ముప్పై ఒకటో అంతస్తులో ఉండే శిరీష కుటుంబం దక్కింది. బీపీ మిషన్ సంచిలో వేసుకుని వెళ్తే గేటు దగ్గర యాప్ అడ్డం పడింది. వచ్చినవాళ్లు అతిథో, పనిమనిషో, డెలివరీయో అందులో నొక్కాలి. కాబోయే డాక్టరుకు చోటు లేదు. కాపలాదారు మొగిలి కాసేపు తల గోక్కుని డెలివరీ నొక్కాడు.

పైనుంచి శిరీష ఫోన్ చేసింది. "మెడికల్ స్టూడెంటా? మేమంతా హెల్దీనే అమ్మా. నేనిప్పుడు మీటింగ్‌లో ఉన్నా. ఎలాగూ వస్తున్నావు కదా, గేటు దగ్గర కూరగాయల పార్శిల్ ఉంది, తెచ్చి తలుపు దగ్గర పెట్టెయ్యవూ?"

రసజ్ఞ పెట్టింది. తలుపు తెరుచుకోలేదు. తొలి కుటుంబ సందర్శన అలా దిగ్విజయంగా ముగిసింది.

తర్వాతి వారాల్లోనూ ఇదే తంతు. ఒకరోజు అనుమతి కోసం గేటు దగ్గర పడిగాపులు పడుతూ, ఊరికే కూర్చోలేక మొగిలి చేతికి బీపీ మిషన్ పట్టీ చుట్టింది. అంకె చూసి మిషన్ పాడైందనుకుంది. మళ్లీ చూసింది. మిషన్ బాగానే ఉంది.

"తల తిరుగుతోందా అండీ?"

"జర తిరుగుతది మేడం. ఎండకేమో అనుకున్న."

"ఆస్పత్రికి వెళ్లకపోతే పక్షవాతం రావచ్చండీ."

"దవాఖానకు పోతే జీతం కోస్తరు. ఇగ మందులకు పైసలేడికెల్లి తేవాలె? మీరు ఫికర్ చేయకున్రి."

దత్తత కుటుంబాలకు కాలేజీ ఆస్పత్రిలో వైద్యం ఉచితం. రసజ్ఞ నేరుగా నరసింహమూర్తి గారి దగ్గరికి వెళ్లి, శిరీష గారికి బదులు మొగిలి కుటుంబాన్ని ఇవ్వమని అడిగింది.

"ఫ్లాట్ నంబరెంతమ్మా?"

"బిల్డింగ్ వెనక రేకుల షెడ్డులో ఉంటారండీ."

"అయితే అది కుటుంబం కాదు, సిబ్బంది," అని ఆయన తేల్చేశారు. (చాలా ఏళ్ల తర్వాత ఆయన చేసిన తొలి రోగనిర్ధారణ ఇదే.) రసజ్ఞకు ఒళ్లు మండింది.

శిక్షణ చివర విద్యార్థుల అభిప్రాయాల సభ పెట్టారు. ఎవరైనా స్వేచ్ఛగా మాట్లాడవచ్చు. మాట్లాడబోయేది ముందురోజే చూపించి సంతకం చేయించుకుంటే చాలు. జశ్వంత్ అనే విద్యార్థి లేచి, ఈ శిక్షణ తన జీవితాన్నే మార్చేసిందన్నాడు. (అతనికిచ్చిన ఫ్లాట్‌లో ఇంకా ఎవరూ దిగలేదు.) తర్వాత రసజ్ఞ లేచి, సంతకం లేని అభిప్రాయం చెప్పింది.

"నాకు దొరికిన పేషెంట్ ఒక్కరే సార్. ఆయన్ని మనమే పొమ్మన్నాం. ఇది శిక్షణ కాదండీ, సిగ్గుచేటు."

నరసింహమూర్తి గారు చిరునవ్వు చెదరకుండా నివేదిక చదివారు: దత్తత కుటుంబాల్లో ఒక్క రోగమూ బయటపడలేదు కనుక శిక్షణ సంపూర్ణ విజయం. హాలంతా చప్పట్లు.

మొగిలిని తనే సర్కారు దవాఖానకు తీసుకుపోదామని ఆ సాయంత్రం రసజ్ఞ కోకాపేట వెళ్లింది. గేటు దగ్గర కుర్చీలో కొత్త మనిషి ఉన్నాడు.

"మొగిలి గారేరండీ?"

"పొద్దుగాల గీడనే పడిపోయిండు మేడం. కాలు, చెయ్యి లేస్తలేవు. ఎనక షెడ్డుల పండవెట్టిన్రు."

"నన్ను లోపలికి పంపండి. నేను ఆయన డాక్టర్ని."

కొత్త మనిషి మర్యాదగా యాప్ తెరిచాడు.

"ఏ ఫ్లాట్ మేడం?"