హీరోయిన్ గొంతుతో రిఫండు

ఆ రోజు ఉదయం పుష్పవల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. కోడలు హరిణి బంజారాహిల్స్‌లోని ఆఫీసుకు బయల్దేరగానే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాలి, ఇడ్లీపాత్ర వెనక్కిచ్చి డబ్బు రాబట్టుకోవాలి, సాయంత్రం ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి.

డెబ్భై శాతం తగ్గింపు అని ఫోన్‌లో చూసి, ఇరవై నాలుగు ఇడ్లీలు పడతాయని చదివి, ముందే డబ్బు కట్టి తెప్పించిన పాత్ర అది. ఇరవై నాలుగూ పడతాయి, అందులో అబద్ధం లేదు. కాకపోతే ఒక్కొక్కటీ చొక్కా గుండీ అంత ఉంటుంది. వచ్చింది పిల్లలాడుకునే బొమ్మసామాను. పోయిన నెలే ఇలాంటి బేరం ఒకటి చేసి ఆమె చివాట్లు తింది. "ఇంకొక్కసారి ఇలా అయితే మీ ఫోన్‌లో ఆ యాప్‌లన్నీ తీసేస్తాను అత్తయ్యా" అని హరిణి నవ్వుతూనే అంది. ఆ నవ్వే పుష్పవల్లికి మింగుడు పడలేదు. ఇరవయ్యో ఏట నుంచి సొంత సంపాదన మీద బతికిన మనిషి ఒక గిన్నె కొనుక్కోవడానికి కోడలి అనుమతి అడగాలా?

ఆ సంపాదన గొంతుది. మద్రాసులోనూ, సినిమా హైదరాబాదుకు తరలివచ్చాక ఇక్కడి ఫిల్మ్‌నగర్‌లోనూ ఆమె డబ్బింగ్ చెప్పని హీరోయిన్ లేదు. బొంబాయి నుంచి వచ్చిన పిల్లలు తెరమీద పెదవులు కదిపేవారు, చీకటి గదిలో మైకు ముందు నిలబడి పుష్పవల్లి ప్రేమించేది, అలిగేది, గుండెలవిసేలా ఏడ్చేది. హాల్లో జనం కూడా ఏడ్చేవారు. ఎవరి గొంతుకు ఏడుస్తున్నారో మాత్రం వాళ్ళకు తెలియదు. పోస్టరు మీద పేరుండేది కాదు. మైకు వదిలి ఇరవై ఏళ్ళయింది.

ఫిర్యాదు చేసే చోటు యాప్‌లోనే ఉంటుందని, బయట కనిపించే నంబర్లను నమ్మవద్దని హరిణి లక్షసార్లు చెప్పింది. కానీ మనిషితో మాట్లాడితేగానీ పుష్పవల్లికి తృప్తి ఉండదు. నెట్‌లో వెతికి, మొట్టమొదట కనిపించిన నంబరుకు ఫోన్ చేసింది.

"గుడ్ మార్నింగ్ మేడమ్, కస్టమర్ కేర్ నుంచి నిఖిల్‌ని మాట్లాడుతున్నాను."

మామూలుగా అడిగితే ఈ కాలంలో డబ్బు ఎవరిస్తారు? ఆమె ఊపిరి బిగబట్టి పాత గొంతు బయటికి తీసింది. అరవై ఆరేళ్ళ మనిషిలోంచి పందొమ్మిదేళ్ళ పిల్ల పలికింది.

"మిమ్మల్నే నమ్ముకున్నాను. నన్నింత మోసం చేస్తారా? ఇప్పుడీ ముఖం ఇంట్లో ఎలా చూపించను?"

అవతలివాడు కంగారుపడ్డాడు. "ఏడవకండి మేడమ్. ఫుల్ రిఫండ్ ఇచ్చేస్తాం."

గొంతు ఇంకా పనిచేస్తోందని ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ సంతోషంలో ఇంకో రెండు నిమిషాలు ఏడ్చింది.

తలుపు అవతల ఏం జరిగిందో ఆమెకు తర్వాత తెలిసింది. ఎదురు ఫ్లాటు శారదాదేవి పాలప్యాకెట్ కోసం బయటికొచ్చి, ఆ ఏడుపు విని, తలుపు కొట్టడానికి జంకి, వాచ్‌మన్ లక్ష్మయ్యను పైకి పిలిచింది.

"పొద్దుగాల నుంచి కొత్తోళ్ళెవ్వరు లోపటికి రాలేదమ్మా" అన్నాడు లక్ష్మయ్య.

"అయితే రాత్రి నుంచీ ఉందన్నమాట" అంది శారదాదేవి.

అప్పుడే పెరుగు తీసుకుని పుష్పవల్లి భర్త వీరరాఘవయ్య మెట్లెక్కి వచ్చాడు. ఆయన ఒకప్పుడు సౌండ్ రికార్డిస్టు. ఆ చీకటి గది అద్దం వెనక హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఈ గొంతు విన్నాకే ఆయన మనసు పారేసుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత తలుపులోంచి అది వినపడేసరికి ఉన్నచోటే నిలబడిపోయాడు. కళ్ళు చెమర్చాయి.

"ఎవరండీ లోపల ఆ అమ్మాయి?" అని నిలదీసింది శారదాదేవి.

"నేను ప్రేమించిన అమ్మాయండీ" అన్నాడాయన, ఏ లోకంలోనో ఉండి.

శారదాదేవి వెంటనే హరిణికి ఫోన్ చేసింది. మీ ఇంట్లో ఎవరో పిల్ల మోసపోయి ఏడుస్తోందని, మీ మామగారు ఒప్పుకున్నారు కూడా అని చెప్పింది. హరిణి ఉన్న పని ఉన్నట్టే వదిలేసి ఆటో ఎక్కింది.

లోపల పుష్పవల్లి అరగంటసేపు నిఖిల్ అడిగినవన్నీ చెప్పి, చివరికి రిఫండు కోసమని కార్డు మీది అంకెలన్నీ చదివి వినిపించింది, వెనకవైపు మూడంకెలతో సహా. ఆ కార్డుకు ముడిపడి ఉన్న ఖాతాలో ఆమె డబ్బింగ్ సంపాదనంతా ఉంది.

"ఇప్పుడు మీకొక ఓటీపీ వచ్చింది మేడమ్. అది చెప్పండి, అయిపోతుంది."

"వచ్చింది నాయనా. చెప్తున్నాను, రాసుకో" అంది ఆమె, అదే హీరోయిన్ గొంతుతో.

ఆమె అంకెలు మొదలుపెట్టేలోగా అవతల నుంచి వినపడిన మాటలో మేడమ్ లేదు, ఇంగ్లీషు లేదు.

"అమ్మా, జర ఆగు. నువ్వు సినిమాల్ల మాట్లాడినవా? రైల్వే స్టేషన్ల హీరోయిన్ ఏడుస్తది జూడు, గా గొంతా నీది?"

పుష్పవల్లి ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది. ఇరవై ఏళ్ళలో ఎవరూ ఆ మాట అడగలేదు. ఆమె మెల్లగా ఆ డైలాగు చెప్పింది. "రైలు వెళ్ళిపోతే పోనీ. నువ్వు దిగే స్టేషనే నా ఊరు."

"మా అమ్మ టీవీల గా సీను వచ్చినప్పుడల్లా ఏడుస్తుండె" అన్నాడు వాడు. "అమ్మా, గా ఓటీపీ ఎవ్వరికీ చెప్పకు. నాకు గూడ చెప్పకు. కార్డు బందు చేయించు." ఫోన్ పెట్టేశాడు.

ఆమె ఇంకా తేరుకోలేదు, తలుపు దబదబా మోగింది. తీస్తే హరిణి, శారదాదేవి, లక్ష్మయ్య దూసుకొచ్చి గదులన్నీ వెతికారు. వీరరాఘవయ్య పెరుగు ప్యాకెట్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎవరికోసమమ్మా వెతుకుతున్నారు?" అని పుష్పవల్లి ఆ గొంతుతోనే అడిగింది. ముగ్గురూ చటుక్కున వెనక్కి తిరిగారు.

శారదాదేవి ఆమెను ఎగాదిగా చూసి కూలబడింది. "స్టేషన్‌లో ఏడ్చే హీరోయిన్ గొంతండీ ఇది. ఆ సీనుకు నేను రెండు రుమాళ్ళు తడిపానండీ. పదేళ్ళుగా ఎదురింట్లో ఉన్నారు, ఒక్క ముక్క చెప్పలేదు."

సంగతంతా విని హరిణి ముందు కార్డు బ్లాక్ చేయించింది. చివాట్లు పెట్టలేదు, యాప్‌లు తీసేయలేదు. పక్కన కూర్చుని అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"ఆ నంబరు ఇవ్వండి అత్తయ్యా, సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేద్దాం."

పుష్పవల్లి ఫోన్ గుండెకు ఆనించుకుంది. జీవితమంతా కలిపి, ఫలానా గొంతు నీదేనా అని అడిగినవాడు వాడొక్కడే. ఇచ్చేయాలంటే ప్రాణం ఒప్పలేదు.

"మంచివాడే హరిణీ, పాపం. నన్ను వదిలేశాడు."

"మిమ్మల్ని వదిలేశాడు. రేపు ఇంకొకావిడ ఫోన్ చేస్తుంది. ఆవిడది మామూలు గొంతు."

పుష్పవల్లి ఆ నంబరును చివరిసారి చూసుకుని ఫోన్ కోడలి చేతిలో పెట్టింది.

ఒకే ఒక్క సభ్యుడున్న పుష్పవల్లి అభిమాన సంఘం, హరిణి ఫిర్యాదు పంపిన ఆ సాయంత్రమే రద్దయింది.