పటానికెక్కిన తండా

భూపాలపల్లి దగ్గరి ఒక బొగ్గు గనికి వరద ముప్పు ఎంతుందో తేల్చడానికి ఉన్నతస్థాయి సంఘం మే నెల మిట్టమధ్యాహ్నం విచ్చేసింది. గని పక్క వాగులో చుక్క నీరు లేదని గమనించి సభ్యులు ఎంతో సంతృప్తి చెందారు.

పంపు ఆపరేటరు హరిలాల్ వారి వెంట గొడుగు పట్టుకుని నడిచాడు. గని గుంతలో చేరిన వాననీటిని తోడి కాలువలోకి పంపడం అతని ఉద్యోగం. ఆ కాలువ నేరుగా అతని తండాలోకి పోతుంది. అంటే డ్యూటీ ఎంత బాగా చేస్తే ఇల్లు అంత బాగా మునుగుతుంది. ఇంతటి భాగ్యం ఎందరికి దక్కుతుంది? నిరుడు వానాకాలం అతని భార్య రాధాబాయి బియ్యం డబ్బా, రెండు మేకలతో బడి డాబా ఎక్కబోయి, ఒక మేకనే దక్కించుకుంది.

సంఘం పటం పరిచింది. గని, పంపులు, ఆఫీసు ముందరి పూలతోటతో సహా అన్నీ ఉన్నాయి. కాలువ మాత్రం గని హద్దు గీత దగ్గర బుద్ధిగా ఆగిపోయింది.

"సార్, జర మా తండాను గూడ పటంల ఎక్కియ్యున్రి. నీళ్లన్నీ మా ఇండ్లల్లకే వస్తున్నయి," అన్నాడు హరిలాల్.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "హద్దు దాటిన నీరు మన పరిధిలోకి రాదు. అయినా సామాన్యుడి గోడు వినడమే ఈ సంఘం ధ్యేయం. తండాను తక్షణం పటంలో చేర్చండి."

చప్పట్లు మోగాయి. హరిలాల్ కళ్లు చెమర్చాయి. ఇంటికి ఫోన్ చేసి తమ లంబాడీలో శుభవార్త చెప్పాడు. అయితే ఇంకో మేకను కొనొచ్చన్నమాట అంది రాధాబాయి, కొనేసింది కూడా.

జూన్‌లో నివేదిక వెలువడింది. ఇచ్చిన మాట తప్పలేదు, తండా పటంలో ఉంది, ముచ్చటైన నీలిరంగులో. దాని మీద 'వరదనీటి నిల్వ ప్రాంతం' అని రాశారు. ఇంత విశాలమైన చోటు సిద్ధంగా ఉండగా గనికి ఏ ముప్పూ లేదని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది.

జూలైలో నాలుగు రోజులు వాన తెరిపి ఇవ్వలేదు.

"అన్నా, పది నిమిషాలు ఆగుదాం. ఇంటోళ్లు ఇంకా డాబా ఎక్కలే," అన్నాడు హరిలాల్ సూపర్‌వైజర్ సాంసన్‌తో.

"ఆగితే నాకు మెమో, నీకు గేటు బంద్. ఏం జేస్తం తమ్మీ, పంపు వెయ్యి."

హరిలాల్ స్విచ్ వేసి, తర్వాత ఫోన్ చేశాడు. రాధాబాయి మూడోసారికి ఎత్తింది. డబ్బా పోయింది, మేకలు రెండూ పోయాయి, తాను డాబా మీదే ఉన్నానంది. ఎవరు పంపు వేశారని మాత్రం అడగలేదు.

గనిలో పని ఒక్క గంటయినా ఆగలేదు. ఉత్తమ ఉద్యోగిగా హరిలాల్‌కు శాలువా కప్పారు. అన్నట్టు, ఆ బొగ్గు పుణ్యమా అని ఆ నాలుగు రోజులూ మన ఇళ్లలో కరెంటు పోలేదు. వాతావరణం కాస్త చల్లబడిందని ఫ్యాను రెండుకు తగ్గించుకున్నాం, అంతే.