తొండ కాయిన్‌కి ఇద్దరు

పళ్ళ మేస్త్రి రోజుకి నాలుగుసార్లు స్నానం చెయ్యడం మొదలుపెట్టాడు.

మొదటి రెండు రోజులూ ఎండలు కదా అని వాళ్ళావిడ సరిపెట్టుకుంది. మూడో రోజు వాన పడింది. ఆ రోజు ఐదుసార్లు చేశాడు.

పళ్ళ మేస్త్రి అంటే పళ్ళు పీకేవాడు కాదు. పీకేసిన చోట పెట్టుకోవడానికి కట్టుడు పళ్ళు చేసిపెట్టేవాడు. ఓ పళ్ళ ఆసుపత్రి వెనకాల, కిటికీ లేని గదిలో, పదహారేళ్ళుగా మైనం కరిగించి, ప్లాస్టర్ పోసి, ఊళ్ళోవాళ్ళ నవ్వులు తయారుచేస్తున్నాడు. తను నవ్వగా చూసినవాళ్ళు మాత్రం తక్కువ. ఎప్పటికైనా సొంతంగా ఓ గది, అందులో పళ్ళు కాల్చే కొలిమి ఒకటి పెట్టుకోవాలని అతని కోరిక. దానికోసం మొగుడూ పెళ్ళాం నాలుగేళ్ళు నోరు కట్టుకుని లక్షన్నర వెనకేశారు.

"ఏమండీ, తువ్వాలు పొడిగా ఉందేం?" అంది ఆవిడ, స్నానాలగది గుమ్మంలోనే కాపు కాసి.

"ఇంకా తుడుచుకోలేదు."

"జుట్టు కూడా పొడిగానే ఉంది."

"కంఠస్నానం."

"మరి చేతిలో ఫోను?"

దానికి తగిన స్నానం ఏదీ అతనికి తట్టలేదు.

ఆవిడ కొరియర్ ఆఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. రోజుకి వందమందిని "లోపల ఏముంది?" అని అడిగి, జవాబు నచ్చకపోతే పార్సిలు విప్పించే మనిషి. మొగుణ్ణి విప్పించడం ఎంతసేపు? రెండు నిమిషాల్లో ఫోను ఆవిడ చేతికొచ్చింది. అందులో నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న తొండ ఒకటి ఇకిలిస్తోంది.

"ఏంటీ జంతువు?"

"తొండ కాయిన్. మీమ్ కాయిన్ అంటారు. క్రిప్టోలో ఇదో రకం. మా ఆసుపత్రిలో ఎక్స్‌రే లేడూ, నా మీద అభిమానం కొద్దీ చెప్పాడు."

ఎక్స్‌రే అంటే అక్కడ ఎక్స్‌రేలు తీసే అతను. మనిషి కూడా చొక్కాలోంచి ఎముకలు లెక్కపెట్టగలిగేలా ఉంటాడు.

"ఏ కంపెనీది?"

"కంపెనీ లేదు."

"ఏం తయారుచేస్తారు?"

"ఏమీ చెయ్యరు."

"మరి లోపల ఏముంది?"

"లోపల ఏమీ ఉండదే! కిటుకంతా అక్కడే ఉంది. తొండని చూడగానే జనానికి నవ్వొస్తుంది. నవ్వొచ్చి కొంటారు. కొంటే రేటు పెరుగుతుంది. పెరిగిందని ఇంకోళ్ళు కొంటారు."

"నవ్వు రాకపోతే?"

"ఎందుకు రాదు? దాని మొహం చూడు."

ఆవిడ చూసింది. ఆవిడకి రాలేదు.

"ఎంత పెట్టారు?"

"నలభై వేలు. ఇప్పుడు లక్షా పదివేలు! పదహారేళ్ళు పళ్ళు అరగదీస్తే రాని డబ్బు, పదహారు రోజుల్లో!"

ఆవిడ కళ్ళు మూసుకుని, తెరిచి, నెమ్మదిగా అంది. "సరే. అయిందేదో మంచికే అయింది. మన నలభై మనం తీసేసుకుందాం. మిగతాది ఆ తొండకే వదిలెయ్యండి. దాని అదృష్టం."

ఇంత మంచి మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అనలేదు. మేస్త్రి కూడా ఒప్పుకున్నాడు. తీసేసి వస్తానని స్నానాలగదిలోకి వెళ్ళాడు.

లోపల ఫోన్లో తొండ కాయిన్‌వాళ్ళ వాట్సాప్ గుంపు తెరిచి చూస్తే, దాని పెద్ద, తొండరాజు అని పేరు పెట్టుకున్నాయన, అప్పుడే రాశాడు: "ఈ వారం ఎవడు అమ్ముతాడో వాడు జన్మంతా ఏడుస్తాడు." కింద ఎనిమిది వందలమంది చప్పట్లు. మేస్త్రికి జీవితంలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పళ్ళు బావున్నాయంటే డాక్టరుకే చెప్పేవాళ్ళు.

బయటికొచ్చేసరికి కొలిమికని దాచినదాంట్లో మిగిలిన లక్షా పదివేలు కూడా తొండ నోట్లో ఉంది.

"తీశారా?"

"ఆఁ, అయిపోయింది," అన్నాడు. అది అబద్ధం కాదనీ, ఏదో ఒకటి అయిపోయిందనీ తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

ఆ సోమవారానికి లక్షన్నర ఆరు లక్షలైంది. మేస్త్రి తిన్నగా కొలిములమ్మే కొట్టుకి వెళ్ళి, ఉన్నవాటిలో పెద్దది చూపించమన్నాడు. తలుపు తీసి, వేసి, లోపలికి తొంగిచూసి, "ఇది మన గదిలో పడుతుందా?" అని పైకే అనుకున్నాడు. లేని గదిని కొట్టువాడు కొలిచాడు కూడా.

"అడ్వాన్సు ఇస్తారా సార్?"

మేస్త్రి దర్జాగా ఫోను తీసి అమ్మకం మీద నొక్కాడు. చక్రం తిరిగింది. 'మళ్ళీ ప్రయత్నించండి' అంది. ప్రయత్నించాడు. నలభైసార్లు ప్రయత్నించాడు. కొట్టువాడు మంచినీళ్ళిచ్చాడు. ఫోను పాడైందేమోనని అనుమానమొచ్చి ఓ ఐదొందలకి కొని చూశాడు. అరక్షణంలో వచ్చేసింది. ఫోనుకేం జబ్బు లేదు.

గుంపులో అడిగాడు: "అమ్మడం కుదరట్లేదు, ఎందుకని?"

తొండరాజు జవాబిచ్చాడు: "కొత్తగా ఇద్దర్ని చేర్చండి. చేర్చినవాళ్ళకి అమ్మకం తెరుచుకుంటుంది."

మర్నాడు ఆసుపత్రి మెట్లమీద ఎక్స్‌రేని పట్టుకున్నాడు.

"నీకు అమ్ముడవుతోందా?"

ఎక్స్‌రే చెప్పుల వైపు చూశాడు. "లేదన్నా. అందులో ముప్పాతిక కాయిన్లు నలుగురైదుగురి దగ్గరే ఉన్నాయట. అమ్మే తలుపు వాళ్ళకే తెరుచుకుంటుంది. మనకి కొనే తలుపొక్కటే."

"ఎప్పుడు తెలిసింది?"

"నీకు చెప్పడానికి ముందు."

"మరి నాకెందుకు చెప్పావురా?"

"ఇద్దర్ని చేర్చమన్నారుగా. ఒకడివి నువ్వు."

"చేర్చాక వచ్చిందా?"

"రెండోవాడు దొరకలేదన్నా."

పంటి కింద రాయి పడ్డట్టుగా మేస్త్రి రోజంతా గడిపాడు. ఒకాయనకి పై వరస పళ్ళు రెండుసార్లు చేశాడు, కింది వరస మర్చిపోయాడు. సాయంత్రానికి ఆరు లక్షలూ కాస్తా తొమ్మిదివేలైంది. మర్నాటికి తొమ్మిది వందలు. గురువారం తొండరాజు మళ్ళీ రాశాడు: "ఇద్దర్ని చేర్చినవాళ్ళకి పాత రేటుకే అమ్మకం." ఇంట్లో స్నానాలు మానేశాడు. ఆవిడ ఏమీ అడగలేదు. అడక్కపోయేసరికి అతనికి ఇంకా భయమేసింది.

ఆదివారం ఉదయం, జుట్టు కత్తిరించుకొస్తానని చెప్పి, రెండు వీధుల అవతలున్న మావగారి గదికి వెళ్ళాడు.

మావగారు రిటైరైన బస్సు కండక్టరు. ఎడమకంట్లో పొర కమ్మి, పాలు పోసినట్టుంది. ఆపరేషన్‌కని డెబ్భైవేలు దాచుకున్నాడు. నోట్లో ఉన్నవి అల్లుడు చేసిన పళ్ళు. ఎవరు కనబడ్డా నోరు తెరిచి, "మా అల్లుడి పనితనం" అని చూపిస్తాడు.

"రండి అల్లుడుగారూ," అని టీ పోశాడు. సగం కప్పులో, సగం సాసర్లో పడింది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "మావయ్యగారూ, మన మనిషి కాబట్టి మీకొక్కరికే చెప్తున్నాను. ఓ మంచి అవకాశం ఉంది..."

ఆ మాటలు ఎక్కడో విన్నట్టనిపించింది. అవి ఎక్స్‌రే తనతో అన్నవే, పొల్లుపోకుండా తన నోట్లోంచి వస్తున్నాయి. అయినా ఆపలేదు. తొండ గురించి, రేటు గురించి, అంతా చెప్పాడు. అమ్మే తలుపు సంగతి ఒక్కటి మాత్రం వదిలేశాడు.

"మీరు పెట్టారా అందులో?" అన్నాడు పెద్దాయన.

"పెట్టానండి."

"మీరు పెట్టారంటే ఇంకేముంది!" అంటూ లేచి, అలమార తడిమాడు. పై అర తడిమాడు, కింది అర తడిమాడు. ఉన్నట్టుండి నెత్తిమీద చెయ్యి వేసుకున్నాడు.

"అయ్యో, మర్చేపోయాను! బ్యాంకు పుస్తకం తెల్లారగానే అమ్మాయొచ్చి పట్టుకెళ్ళిందండీ. 'ఆయనొస్తారు నాన్నా, టీ ఇచ్చి పంపించెయ్యి' అంది. ఎందుకే అంటే చెప్పలేదు. మీకేమైనా తెలుసా?"

మేస్త్రి సాసర్లో టీ కూడా తాగేసి లేచాడు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ కుర్చీలో కూర్చుని అతని పనిచొక్కాకి గుండీ కుడుతోంది. జుట్టు వంక చూసింది. కత్తిరింపు లేదు.

"మా నాన్న టీ ఇచ్చాడా?"

"ఇచ్చారు." గుమ్మంలోనే నిలబడ్డాడు. "నీకెలా తెలిసింది?"

"గురువారం మీరు అన్నం తింటూంటే ఫోన్లో మెసేజ్ వచ్చింది. ఇద్దర్ని చేర్చమని." దారం పంటితో తెంపింది. "తొండ కాదండీ అది, తొండి. పోయింది పోయింది. మీరు అక్కడికి వెళ్ళరనే అనుకున్నాను. వెళ్ళరనుకుంటూనే వెళ్ళి పుస్తకం తెచ్చుకున్నాను."

"అక్కడికే వెళ్తానని ఎందుకనుకున్నావ్?"

"మీ మాట నమ్మేవాళ్ళు కావాలి కదా. ఎవరున్నారా అని నేనూ చాలాసేపు లెక్కపెట్టాను. ఇద్దరే తేలారు. ఒకరు మా నాన్న."

"రెండోవాళ్ళెవరు?"

ఆవిడ చొక్కా మడిచి అతని చేతిలో పెట్టింది.

"మొన్నటిదాకా నేను."