తాబేలుగుట్ట మీద కాంట్రాక్టు మేఘాలు

ఏడాదికి ఒక్కసారైనా కొండ ఎక్కి, ఆయాసపడి, ఫొటో దిగి, కిందికి వచ్చేయడం ప్రతి పౌరుడి జన్మహక్కు. ఈ హక్కు మనిషికి ఎప్పటి నుంచో ఉన్నదే అయినా, దాన్ని కాగితం మీద పెట్టిన ఘనత మాత్రం పర్వత ప్రాంత వినోద మండలికే దక్కుతుంది. మండలి పుట్టింది. దానికి కుర్చీలు వచ్చాయి, కుర్చీలకు తువ్వాళ్లు వచ్చాయి. పర్వతాలే రాలేదు. నారాయణఖేడ్ చుట్టూ ఎటు చూసినా కంది చేలు, పత్తి చేలు, మధ్యమధ్యలో బోడిగుట్టలు. (హిమాలయాల్లో కొంత భాగాన్ని ఇటు తెప్పించే ప్రతిపాదన లారీలు దొరక్క ఆగిపోయిందని వినికిడి.)

మండలి అధైర్యపడలేదు. పర్వతమంటే ఏమిటో తేల్చమని ఒక ఉపసంఘాన్ని వేసింది. ఎక్కే మనిషి మధ్యలో ఒక్కసారైనా ఆగి నడుం మీద చేతులు పెట్టుకోవలసిన ఎత్తు ఏదైనా పర్వతమేనని ఉపసంఘం తేల్చింది. ఆ నిర్వచనాన్ని వెంటబెట్టుకొని సభ్యులంతా మనూర్ దారిలో ఉన్న తాబేలుగుట్ట ఎక్కారు. వారిలో కాస్త ఒళ్లున్న పెద్దమనిషి ఒకాయన మూడుసార్లు ఆగాడు. అంటే అక్కడ ఉన్నవి మూడు పర్వతాలు. సాయంత్రానికల్లా ఆ గుట్ట తాబేలుగుట్ట పర్వతశ్రేణి అయిపోయింది.

ఈ సంగతి గుట్టకు తెలియదు, బీరప్పకూ తెలియదు. బీరప్ప గొర్రెల కాపరి. ఆయన మందంతా నల్లగొర్రెలు, భుజం మీద గొంగడి కూడా వాటి ఉన్నిదే. చేలల్లో పంట నిలబడి ఉన్న రోజుల్లో గొర్రెను ఎక్కడ వదిలినా రైతుతో తగువే కనుక, వానకాలమంతా ఆయన మందకు గుట్టే దిక్కు. ఒక పొద్దున అలవాటు ప్రకారం మందను తోలుకొని వెళ్తే గుట్ట చుట్టూ కంచె, కంచెకు గేటు, గేటుకు బోర్డు కనిపించాయి. పర్వత ప్రశాంతత దృష్ట్యా పశువులకు ప్రవేశం లేదని పైన రాసి ఉంది. కింద సందర్శకులకు అనుమతించిన వినోదాల పట్టిక ఉంది. కొండ ఎక్కుట, కొండ దిగుట (దీనికి వేరే టికెట్), పక్షులను చూచుట, సూర్యాస్తమయం చూచుట, ఊరికే కూర్చొనుట. చివరి దానికి యాప్‌లో ముందుగా సమయం తీసుకోవాలి. బీరప్ప ఆ గుట్ట మీద చిన్నప్పటి నుంచీ ఎవరినీ అడక్కుండానే ఊరికే కూర్చుంటూ వచ్చాడు. ఇన్నాళ్లూ కేసు కాకపోవడం ఆయన అదృష్టం.

ఇంటి దగ్గర ఆయన భార్య సత్తెమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. వారం రోజులు మేత లేకపోతే గొర్లు నిలవవు, పడిపోయేలోపు సంతల అమ్ముకొమ్మంది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొగుడి ముఖం వైపు చూడలేదు. మంద పోతే బీరప్పకు మిగిలేది గొంగడి, కర్ర. ఆ రెంటితో ఊరుగాని ఊరికి కూలికి పోవాలి.

ఆయన నేరుగా ఊళ్లోకి వెళ్లి పర్వత వినోద అధికారిణి శ్రీవాణిని కలిశాడు. చెడ్డపిల్ల కాదు. కూర్చోమంది, నీళ్లిచ్చింది, నిబంధనలు చదివి వినిపించింది, అవి చదువుతుంటే ఆమెకే బాధగా ఉన్నట్టు కనిపించింది. పైగా ఆమె కష్టాలు ఆమెకున్నాయి. "మేఘాలు చేతికి తగిలే తాబేలుగుట్ట" అని మండలి అందమైన కరపత్రం అచ్చు వేయించింది. తొలకరి మాత్రం రెండు జల్లులు కురిసి మొహం చాటేసింది. హైదరాబాద్ నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు గుట్ట మీద నిలబడి, చెయ్యి చాచి, ఎండ తప్ప ఏమీ తగలక యాప్‌లో ఒక్క నక్షత్రం ఇచ్చి పోతున్నారు. మేఘాలు ఎప్పుడు సమకూరుస్తారని చైర్మన్ పూటకొకసారి ఫోన్ చేస్తున్నాడు.

బీరప్ప అక్కడి నుంచి బస్ డిపో ఎదురుగా ఉన్న షహబాజ్ నెట్ సెంటర్‌కు వెళ్లాడు. ఊళ్లో ప్రభుత్వానికీ ప్రజలకూ మధ్య ఏదైనా మాట జరగాలంటే షహబాజ్ కీబోర్డు మీదుగానే జరగాలి. అతను యాప్ తెరిచి, గొర్రెలను సందర్శకులుగా చూపాలని చూస్తే అది ఆధార్ అడిగింది. బంధువులుగా చూపిస్తే బంధుత్వ ధ్రువీకరణ అడిగింది. కిందికి పోగా పోగా దృశ్య సదుపాయాలు అనే విభాగం ఒకటి కనిపించింది. జలపాతం, పొగమంచు, ఇంద్రధనుస్సు, మేఘం సరఫరా చేయగలిగే స్థానికులు నమోదు చేసుకోవచ్చని అందులో ఉంది.

"కాకా, గొర్రె అని కొడితే లోపటికి రానిస్తలేదు. గిండ్ల మేఘం అని ఉన్నది, కొట్టాల్నా?" అన్నాడు షహబాజ్.

బీరప్ప చాలాసేపు ఆలోచించాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

"మనయి నల్లగుంటయి గద. వానమబ్బు అని రాయి. రేపు ఎవలన్న అడిగితే మాట పోవద్దు."

తరువాత ప్రశ్నలు వచ్చాయి. మేఘం వయసెంత, టీకాలు వేయించారా, ఉరుముతుందా. ఆకలైతే ఉరుముతాయని బీరప్ప చెప్పాడు, షహబాజ్ అలాగే కొట్టాడు. మేఘం ఫొటో తెల్లటి తెర ముందు, రెండు చెవులూ కనబడేలా ఉండాలన్నారు కనుక మందకు పెద్దదైన పొట్టేలును నెట్ సెంటర్‌లోకి తీసుకొచ్చారు. అది మూడో క్లిక్కుకు గానీ కదలకుండా నిలబడలేదు. (షహబాజ్ దగ్గర ఫొటో దిగే మనుషులకు ఇంకా ఎక్కువే పడుతుంది.)

శ్రీవాణి తనిఖీకి వచ్చింది. మేఘాలను కింద నుంచే చూడాలని మాన్యువల్‌లో ఉంది కనుక కింద నుంచే చూసింది. మిట్టమధ్యాహ్నం ఎండకు గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి, కదలకుండా ముద్దలా నిలబడతాయి. కాపరులందరికీ తెలిసిన సంగతే ఇది. గుట్ట కొప్పున ఆ నల్లటి ముద్దను చూసి ఆమె కళ్లద్దాలు తీసింది. అవి లేకుండా చూస్తే ఎలాంటి అనుమానానికీ తావు లేదు. దట్టమైన మేఘం ఒకటి శిఖరాన్ని ఆవరించి ఉన్నదని అక్కడికక్కడే ఆమోదించింది. బీరప్పకు మేఘ నిర్వాహకుడు అని మెడలో కార్డు వేశారు.

ఆ తరువాత కొన్ని వారాలు తాబేలుగుట్టకు మహర్దశ పట్టింది. డిపో ముందు ఆటోలవాళ్లు మేఘాలు, మేఘాలు అని కేకలు వేస్తూ జనాన్ని ఎక్కించుకున్నారు. మేఘాల భద్రత దృష్ట్యా సందర్శకులు సగం గుట్ట వరకే వెళ్లాలని కొత్త నియమం వచ్చింది. బీరప్ప నాలుక మడిచి ట్రుర్ర్ అంటే మేఘాలు తూర్పుకు కదిలేవి, మళ్లీ అంటే ఆగేవి. వాతావరణాన్ని ఇంత కచ్చితంగా నడిపిన మనిషి దేశంలో మరొకడు లేడని చైర్మన్ సమావేశంలో పొగిడాడు. యాప్ నిండా నక్షత్రాలే. ఒక మేఘం కుంటలోకి దిగి నీళ్లు తాగడం కళ్లారా చూశామని ఒక కుటుంబం రాసింది. ఒక మేఘం తన బిస్కెట్ పొట్లం కాగితంతో సహా తినేసిందని రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన రాసి, అయినా ఐదు నక్షత్రాలే ఇచ్చాడు. ఫిర్యాదు వచ్చింది ఒక్కటే. మేఘాల వాసన కరపత్రంలో చెప్పలేదని.

గొర్రెలు మాత్రం కడుపు నిండా మేసి నిగనిగలాడాయి. సత్తెమ్మ సంత మాట ఎత్తడం మానేసింది. ప్రభుత్వం అంటే ఇంత మంచిదని తనకు తెలియదని బీరప్ప షహబాజ్‌తో అన్నాడు, నిజంగానే అన్నాడు.

అంతా బాగుందని విని, చూడడానికి చైర్మన్ స్వయంగా వచ్చాడు. గుట్ట కింద షామియానా వేశారు, దూరం నుంచి చూసే గొట్టం ఒకటి తెప్పించారు. సరిగ్గా ఆయన కన్ను గొట్టానికి ఆనించే సమయానికి, కంగ్టి వైపు నుంచి ఎవరూ పిలవకుండా అసలు మబ్బులు వచ్చాయి. వాటికి నమోదు లేదు, మెడలో కార్డు లేదు, టీకాల సంగతి దేవుడికే తెలియాలి. వచ్చీ రాగానే ఉరిమి, దంచి కొట్టడం మొదలుపెట్టాయి.

ఉన్ని తడిసిన గొర్రెకు జలుబు చేస్తుంది, రొమ్ము పట్టేస్తుంది, మందకు మందే మంచం పడుతుంది. మబ్బు పట్టగానే మందను దించాలన్నది బీరప్పకు ఉగ్గుపాలతో వచ్చిన పద్ధతి. చైర్మన్ ఉన్నాడా, ఇంద్రుడు ఉన్నాడా అని ఆయన చూడలేదు. ట్రుర్ర్ అన్నాడు. చైర్మన్ గొట్టంలో నుంచి చూస్తుండగానే వానమబ్బులు వానకు భయపడి అరుచుకుంటూ గుట్ట దిగి, షామియానా కిందికి దూరి, ఆయన కాళ్ల మధ్య నిలబడి ఒళ్లు విదిలించుకున్నాయి.

విచారణ జరిగింది. వాన పడుతున్న సమయంలో విధుల్లో లేకపోవడం మేఘం విషయంలో తీవ్రమైన నేరమని తేల్చారు. బీరప్ప ఒక్క మాటే చెప్పుకున్నాడు, తడిస్తే చస్తాయి మేడం అని. ఆ మాటను శ్రీవాణి రాసుకుంది, రాసి కొట్టేసింది, మేఘాలు తడిస్తే చస్తాయన్న వాదనకు కాలమ్ లేదు. అసలు మబ్బులకు కూడా అనుమతి లేని ప్రవేశం కింద నోటీసు పంపారు. అవి సమాధానం ఇవ్వకుండా వారం పాటు కురిశాయి. జీతం అడగకుండా పనిచేస్తున్నాయని గమనించి మండలి వాటిని క్రమబద్ధీకరించింది. కాంట్రాక్టు మేఘాల అవసరం ఇక లేదని బీరప్ప మెడలోని కార్డు తీసేసుకున్నారు. ఆ క్షణం నుంచి మంద మళ్లీ పశువులయింది, గేటు పడింది.

వానకు గుట్ట మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. కంచె ఇవతల గొర్రెలు నిలబడి ఆ గడ్డిని చూసేవి. పైన సందర్శకుల ప్యాంట్లకు గడ్డి తగిలి దురద పెడుతున్నదని ఫిర్యాదులు వచ్చాయి. మండలి గడ్డి కోసే యంత్రం తెప్పించింది. కోసిన గడ్డి పర్వత వ్యర్థం కనుక, వ్యర్థాన్ని మూగజీవాలకు పెట్టడం క్రూరత్వం కనుక, దాన్ని లారీకెత్తి ఊరవతల తగలబెట్టారు. ఆ పొగ రెండు రోజులు నిలిచి, పొగమంచు పద్దు కింద మండలికి ప్రశంస తెచ్చింది.

శ్రీవాణికి మనసొప్పలేదు. నిబంధనలన్నీ తిరగేసి బీరప్ప కుటుంబానికి ప్రత్యామ్నాయ ఉపాధి ఒకటి వెతికి పట్టుకుంది. సగం గుట్ట దగ్గర నిలబడి అరిస్తే కొండ పలకడం లేదని సందర్శకులు అంటున్నారు. పలకడానికి ఎదురుగా మరో కొండ ఉండాలి. మిగతా రెండు పర్వతాలు రికార్డుల్లో ఉన్నాయి గానీ, అవి గొంతు తిరిగి పంపే స్థితిలో లేవు. అందుకని బండ వెనక కూర్చొని పలికే ప్రతిధ్వని సహాయకురాలి పోస్టు సత్తెమ్మకు ఇప్పించింది. సత్తెమ్మ గొంతు మూడు చేల అవతలికి వినబడుతుంది, అర్హతల్లో దానికి పెద్దపీట వేశారు.

మొదటి రోజే గొడవైంది. హైదరాబాద్ కుర్రాడు ఒకడు రెండు చేతులూ చాచి, సౌందర్యా, నువ్వంటే నాకు ప్రాణం అని అరిచాడు.

"గా ముచ్చట గా పిల్లకు చెప్పు బిడ్డా. గుట్టకు చెప్తే ఏమొస్తది?" అంది కొండ.

కుర్రాడు బిక్కచచ్చిపోయాడు. వెనక వరుసలో ఉన్న ఒక పెద్దావిడ తన అల్లుడి సంగతి కూడా కొండనే అడుగుదామని ముందుకు తోసుకొచ్చింది. మండలి సత్తెమ్మను మందలించింది. ప్రతిధ్వని సలహా ఇవ్వరాదు. విన్నది విన్నట్టు మూడుసార్లు, ఒకసారి కన్నా ఒకసారి తక్కువ గొంతుతో తిరిగి పలకాలి. సొంత మాట ఒక్కటి కలిపినా ఉద్యోగం ఉండదు. ఇంట్లో పొయ్యి వెలగడానికి ఇప్పుడు అదొక్కటే ఆధారం కనుక సత్తెమ్మ నోరు కట్టేసుకుంది. సత్తెమ్మ నోరు కట్టేసుకోవడం ఊరు చూడడం అదే మొదలు.

గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. పెద్ద పొట్టేలు లేవడం మానేసింది. గొర్రెలు కొనే బేరగాడికి కబురు పంపి, మర్నాడు వస్తానని వాడు చెప్పిన రోజున, బీరప్ప కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు నడిచి కంచె దగ్గరికి వచ్చాడు. ఆయన ఎవరితోనూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. గొర్రెలతో కూడా మెల్లగానే మాట్లాడేవాడు. ఆ రోజు కంచె రెండు చేతులా పట్టుకొని, పర్వతశ్రేణి మొత్తం వినేలా అరిచాడు.

"నా గొర్లు ఏం తినాలె?"

గుట్ట మీద సెల్ఫీలు దిగుతున్నవాళ్లు ఆగారు. నాణ్యత తనిఖీకి వచ్చిన శ్రీవాణి కూడా కలం పట్టుకొని ఆగింది. బండ వెనక నుంచి ఆడగొంతు ఒకటి లేచింది.

"నా గొర్లు ఏం తినాలె?"

రెండోసారి కాస్త తగ్గింది.

"నా గొర్లు ఏం తినాలె?"

మూడోసారి, నా గొర్లు అన్నంత వరకే వచ్చింది.

సందర్శకులు చప్పట్లు కొట్టారు. మూడో పలుకు సగంలో తెగినందున, నిబంధన ప్రకారం, ఆ రోజు ప్రతిధ్వనికి సగం హాజరు మాత్రమే వేశారు.