ధూమ్రాటవికి దారెటండీ?

కేబుల్ టీవీ రావడం తెలుగు సాహిత్యానికి జరిగిన గొప్ప మేలు. నవ్వకండి. ఋజువులున్నాయి.

నేను వారపత్రికలకి జానపద సీరియళ్ళు రాస్తాను. నా సీరియల్లో ధూమ్రాటవి అని ఒక అడవి ఉంది. మనిషి అడుగు పడని అడవి. లోపలికి వెళ్ళినవాడు వచ్చిన దారి మరిచిపోతాడు. వాడు ఇటు తిరిగేలోగా అటున్న చెట్లు చోటు మార్చుకుంటాయి. వక్రదంతుడనే రాక్షసుడు దాన్ని ఏలుతుంటాడు.

నేను పుట్టిందీ పెరిగిందీ ముక్తేశ్వరంలో. మా కోనసీమలో అడవి లేదు, కొండ లేదు. కుక్క మీదకి విసరడానికి రాయి కావాలంటే రోడ్డు పని మొదలయ్యేదాకా ఆగాలి. మరి ఇది రచయితకి లోటు కాదా? కానే కాదు! అడవిని చూసినవాడు చూసిందే రాస్తాడు. చూడనివాడికి హద్దేముంది?

హద్దుంది. దాని పేరు గంగాధరరావు గారు.

ధూమ్రాటవిని నేను మొదటిసారి రాసింది తొంభై మూడులో. అప్పటికి మా ఊరికి కేబుల్ రాలేదు. పత్రిక గురువారం అమలాపురం బస్సులో దిగేది. సాయంత్రానికల్లా మా అరుగు నిండిపోయేది. పక్కింటి గంగాధరరావు గారు కొబ్బరి రైతు. పత్రిక కొనరు. నాకు చదివి వినిపించే ఖర్మ ఉండేది.

రాక్షసుడి ప్రాణాన్ని ఒక భరిణెలో పెట్టి నేలమాళిగలో దాచేను. ఆయన చెయ్యెత్తేరు.

“మాళిగ ఎంత లోతండీ?”

“పాతాళమంతండి.”

“నీరూరిపోదండీ? మా దొడ్లో అరటిపిలకకి గొయ్యి తీస్తేనే నీళ్ళు పడ్డాయి. మీవోడి ప్రాణం ఈపాటికి నానిపోయుంటాదండి.”

అరుగంతా “ఆయ్” అంది.

ఏం చెయ్యను? తరవాతి వారం ప్రాణాన్ని పైకి తీసి కొబ్బరిచెట్టు మొవ్వులో పెట్టేను. అడవిలో కొబ్బరిచెట్టు ఎందుకుందని ఎవరూ అడగలేదు. లేకపోతే అడిగేవారు. గంగాధరరావు గారు మాత్రం మళ్ళీ చెయ్యెత్తేరు.

“దింపు తీసేవాళ్ళొస్తేనండీ? కాయలతోపాటు అదీ రాశిలో పడిపోద్ది కదండీ?”

అందుకని ఆ వారమంతా వక్రదంతుడు చెట్టు కింద నిలబడి, దింపు తీసేవాణ్ణి ఆ ఒక్క గెలా వదిలెయ్యమని బతిమాలుకున్నాడు. ముల్లోకాలను వణికించిన రాక్షసుడు!

ఇక బుచ్చిరాజు గారు. గోదావరి మీద మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ దాటించే పంటు నడిపి నడిపి మానేసిన మనిషి. ధూమ్రాటవి మధ్యలో మంత్రనది ఉంది, దాన్ని ఇంతవరకూ దాటినవాడు లేడు అని నేను చదువుతుంటే ఆయన ముఖం అదోలా అయిపోయింది.

“ఏరుందంటారు, రేవు లేదంటారు. అవతలొడ్డు వాళ్ళు పెళ్ళిళ్ళకెలా వెళ్తారండీ?”

“అవతల మనుషుల్లేరండి.”

“మనుషుల్లేకపోతే రాకుమారుడు ఎవర్ని చూద్దామని దాటుతున్నాడండీ?”

మరుసటి గురువారానికల్లా మంత్రనది మీద పంటు వచ్చింది. పంటు వచ్చేక రేవులో టీకొట్టు రాకుండా ఆపడం నావల్ల కాలేదు.

అన్నిటికన్నా ఘోరం చేసింది మా మేనత్త వీరాయమ్మ. ఆవిడకి రాక్షసుడి మాటతీరు నచ్చలేదు.

“రాజుగారి అబ్బాయిని పట్టుకుని ‘ఓరీ మానవా’ అంటాడేంట్రా? వాడికి తల్లి లేదా?”

ఆ గురువారం నుంచి వక్రదంతుడు, “ఆయ్, తమర్ని తినేస్తానండి. ముందు కాస్త కాళ్ళు కడుక్కోండి” అనడం మొదలుపెట్టేడు.

చివరికి రాకుమారి అడవిలో దారి తప్పింది. కనీసం సంక్రాంతి దాకా తప్పించి ఉంచుదామని నా ఆలోచన. అత్త ఒప్పుకోలేదు.

“దారి తప్పితే ఎవర్నన్నా అడగొచ్చుగా?”

“అడవిలో ఎవరుంటారత్తా?”

“రాక్షసుడున్నాడుగా!”

అడిగింది. అడిగితే మా కోనసీమలో ఎవరైనా ఏం చేస్తారు? వేలు చూపించి ఊరుకుంటారా? వక్రదంతుడు కూడా వచ్చేడు. బొండం కొట్టి ఇచ్చేడు. పంటు ఎక్కించి, అవతలొడ్డున దింపి, ఇంటి గుమ్మం దాకా వెళ్ళి వాళ్ళ నాన్నగారికి అప్పగించి వచ్చేడు. సీరియల్ అయిపోయింది.

“మీ అడవిలో ఒక్కడికీ భయమెయ్యలేదండి” అన్నారు ఎడిటర్ గారు ఫోన్లో. నిజమే. నా ధూమ్రాటవి ముక్తేశ్వరానికి శివారు అయిపోయింది.

అప్పుడొచ్చింది కేబుల్. ఇప్పుడు మేలు చూడండి!

కిందటేడు అదే పత్రిక మళ్ళీ ధూమ్రాటవి కావాలంది. ఇప్పుడు దీపాలు పెట్టే వేళకి మా వీధిలో మనిషి కనపడడు. అందరూ టీవీల ముందుంటారు. నా అరుగు మీద పిల్లి పడుకుంటోంది. అది సలహాలివ్వదు. కాబట్టి ఈసారి అడవి పూర్తిగా నాది. మాళిగ తవ్వేను, నీరూరలేదు. ఏటి మీద పంటు పీకేసేను. టీకొట్టు ఎత్తించేను. వక్రదంతుడు ‘ఓరీ’ అంటున్నాడు. రాకుమారి దారి తప్పింది.

ఎడిటర్ గారు సంతోషించేరు. “ఈసారి భయం బాగా కుదిరిందండి. ఇంతకీ అమ్మాయి బయటికెలా వస్తుందండీ? వచ్చే వారం తేల్చెయ్యాలి. తేలకపోతే మధ్యలోనే ఆపేస్తాం.”

అక్కడే చిక్కొచ్చింది. ఆ అమ్మాయి బయటికెలా వస్తుందో నాకు తెలీదు. ఏరు దాటడానికి పంటు లేదు. అడగడానికి మనిషి లేడు. రాక్షసుణ్ణి అడిగితే ఈసారి నిజంగానే తినేస్తాడు. ఆ పిల్ల ఒక చెట్టు కింద కూర్చుని ఉంది. అది ఏం చెట్టో కూడా నాకు తెలీదు. కొబ్బరిచెట్టు మాత్రం కాదు.

నిన్న సాయంత్రం ఆగలేక గంగాధరరావు గారింటికి వెళ్ళేను. బుచ్చిరాజు గారూ అక్కడే ఉన్నారు. మా అత్త టీవీకి అందరికన్నా దగ్గరగా కూర్చుని ఉంది.

“అత్తా, అమ్మాయి అడవిలో చిక్కుకుపోయింది.”

“ఏ అమ్మాయి? ఈ సీరియల్లోదేనా?”

“కాదు, నాది.”

“ఉండరా, పాలల్లో ఏదో కలుపుతోంది!”

“గంగాధరరావు గారూ, ఒక్క మాటండి...”

“బ్రేకులో చెప్తానండి” అన్నారు, ఇటు తిరక్కుండానే.

టీవీలో కోడలు పాలగ్లాసు అందుకుంది. “తాగకమ్మా!” అంది అత్త. “గ్లాసులు మార్చెయ్యండమ్మా!” అన్నారు గంగాధరరావు గారు. “పెరటి దారిన పుట్టింటికి వెళ్ళిపోతే గొడవుండదు కదండీ” అన్నారు బుచ్చిరాజు గారు. మూడూ మంచి సలహాలు. కోడలు ఒక్కటీ వినలేదు, గటగటా తాగేసింది.

వినేవాణ్ణి నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

బ్రేకు వచ్చింది. సబ్బు ప్రకటన కూడా వాళ్ళు వదల్లేదు. నేను వచ్చేసేను.

కేబుల్ వల్ల సాహిత్యానికి జరిగిన మేలు గురించి నా వాదనలో మార్పేమీ లేదు. కరెంటు కోతల గురించి ఇదివరకు ఇదే శీర్షికలో రాసిన తిట్లను మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. మా వీధి లైన్‌మన్ గారు ఇది చదువుతుంటే చిన్న మనవి. సాయంత్రం పూట, ఓ పది నిమిషాలు, పొరపాటున అన్నట్టు ఫ్యూజు పీకెయ్యండి.

ఆడపిల్ల అండీ. చీకటి పడకుండా ఇంటికి చేర్చాలి.