గుండ్రటి గదికి వాస్తు

అండమాన్ ఎలా ఉందని మా కొట్టుకి వచ్చే రైతులు అడిగితే నేను సముద్రం గురించి చెబుతాను. హోటల్ ఊసెత్తను. మీరు నా వాళ్లు కాబట్టి చెబుతున్నాను, బయట అనకండి.

నాది సత్తెనపల్లిలో పురుగుమందుల కొట్టు. రైతు చొక్కా జేబులోంచి ముడుచుకుపోయిన మిరపాకు తీసి బల్ల మీద పెడతాడు. నేను కళ్లద్దాలు సర్దుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి మందు చెబుతాను. నిరుడు తామర పురుగు విజృంభించి నా అమ్మకాలు పెరిగాయి. కంపెనీ వాళ్లు మెచ్చుకుని భార్యాభర్తలిద్దరికీ అండమాన్ యాత్ర ఇచ్చారు. రైతుకి పురుగు, నాకు విహారం, ఇదెక్కడి లెక్క స్వామీ అని కోటప్పకొండ వైపు తిరిగి దణ్ణం పెట్టి అడిగాను. స్వామి ఏమీ అనలేదు.

నా భార్య సుబ్బరావమ్మ మాత్రం చాలా అంది.

"ఏవండీ, గది సముద్రం పక్కనే ఉండాలి. కిటికీ తీస్తే నీళ్లు కనపడాలి. తృప్తిగా కూర్చుని చూడాలి. ఆ సూర్యలంకలా కాదు."

సూర్యలంక సంగతేమిటంటే, పెళ్లైన కొత్తలో కార్తీక పౌర్ణమికి ఆవిణ్ని అక్కడికి తీసుకెళ్లాను. మొదటి అల నా పాదం మీదికి రాగానే, కొట్టుకి తాళం వేశానో లేదో అనుమానంగా ఉందని చెప్పి, వచ్చిన బస్సులోనే వెనక్కి లాక్కొచ్చాను. ఆవిడ చీర అంచు కూడా తడవలేదు.

అసలు విషయం మీకు చెప్పొచ్చు. నాకు సముద్రం అంటే భయం. చెరువు ఫర్వాలేదు, కాలువ ఫర్వాలేదు, అవి ఉన్నచోట ఉంటాయి. సముద్రం మనమీదికి లేచి వస్తుంది. ఈ మాట పైకి అనడానికి నా పేరే నాకు అడ్డం. సముద్రం దాటిన దేవుడి పేరు పెట్టుకుని, వీరాంజనేయులు అలకి భయపడ్డాడంటే సత్తెనపల్లిలో తలెత్తుకు తిరగగలనా?

అందుకని ఒక ఉపాయం పన్నాను.

కంపెనీ తరఫున వచ్చే కుర్రాడు అనిల్ కుమార్ ఫోన్‌లో మూడు హోటళ్ల ఫొటోలు చూపించాడు. "ఏది కావాలో చెప్పండి సార్, బుక్ చేసేస్తాం," అన్నాడు.

నేను గంభీరంగా గొంతు సవరించుకుని, "వాస్తు చూడకుండా మా ఇంట్లో కోళ్లగూడు కూడా కట్టలేదబ్బాయ్," అన్నాను.

"హోటల్‌కి కూడానా సార్?"

"పడుకునేది మేమే కదా."

సుబ్బరావమ్మ కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, "వాస్తు కుదిరితే వస్తారన్నమాట," అంది.

"కుదిరితే తప్పకుండా."

"అనిల్ బాబూ, విన్నావుగా?"

అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మా ఊళ్లో వాస్తుకి శేషాచలం సిద్ధాంతిగారు. అందరూ ఈశాన్యం శేషాచలం గారంటారు. హోటల్‌లో టీ తాగాలన్నా ముందు జేబులోంచి దిక్సూచి తీసి, తర్వాత కుర్చీ జరుపుకుంటారు. ముందుగా నేనొక్కణ్ణే ఆయన ఇంటికి వెళ్లి, "కాస్త గట్టిగా చూడండి గురువుగారూ," అని చెప్పి వచ్చాను. ఆయన నన్ను కళ్లజోడు పైనించి చూసి, "నేనెప్పుడూ గట్టిగానే చూస్తాను," అన్నారు.

చూశారు కూడా. మొదటి హోటల్‌కి సముద్రం పడమర. "అంత నీరు పడమరనా? కొంప ముంచుతుంది," అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. రెండో దానికి సముద్రం తూర్పునే ఉంది గానీ మరుగుదొడ్డి ఈశాన్యంలో ఉంది. సిద్ధాంతిగారు ఆ ఫొటో చూసి కళ్లు మూసుకున్నారు. మూడో దానికి ఒడ్డు నుంచి వచ్చే బాట తిన్నగా గది గుమ్మంలోకే వస్తోంది. "వీధిపోటు," అన్నారు.

"వీధెక్కడుందండీ, ఇసుకే కదా," అంది సుబ్బరావమ్మ.

"ఇసుకైతే మాత్రం పోటు కాదామ్మా?"

ఆ సాయంత్రం నేను ఉత్సాహంగా రెండు మిరపకాయ బజ్జీలు ఎక్కువ తిన్నాను. మర్నాడు అనిల్ కుమార్ ఫోన్ చేసి, సాయంత్రంలోగా హోటల్ తేల్చకపోతే నా టిక్కెట్లు నరసరావుపేట డీలరుకి ఇచ్చేస్తారన్నాడు. "దైవనిర్ణయం బాబూ," అని నిట్టూర్చాను. ఆ నిట్టూర్పు చాలా బాగా కుదిరింది.

సుబ్బరావమ్మ తాలింపు వేస్తూ అంది. "నాకో సందేహమండీ. హనుమంతుడు లంక వాస్తు చూసుకుని దూకాడా?"

"ఆయన దేవుడు. మనం మనుషులం."

"సముద్రాన్ని అక్కడ పెట్టింది కూడా దేవుడే కదా. ఆయన ఏ సిద్ధాంతిగారిని అడిగి పెట్టాడో."

నిజానికి ఈ సందేహం నాకూ ఉంది. కానీ నా అవసరం నాది.

మధ్యాహ్నం భోజనమై నడుం వాల్చబోతుంటే సిద్ధాంతిగారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. సుబ్బరావమ్మ పిలిపించిందట. వెనకే అనిల్ కుమార్, చేతిలో నాలుగో హోటల్.

"కానివ్వండి," అని ధైర్యంగా కూర్చున్నాను. ఈశాన్యం శేషాచలం గారికి దోషం దొరకని కట్టడం ఈ జిల్లాలో లేదు.

ఆయన ఫోన్ పట్టుకుని అటు తిప్పారు, ఇటు తిప్పారు. దిక్సూచి దాని పక్కన పెట్టారు. కళ్లజోడు తుడుచుకున్నారు.

"అమ్మాయ్, దీని మూలలేవీ?"

"లేవండి. తాటాకు కప్పేసిన గుండ్రటి గది."

"నాలుగు మూలల్లో ఒక్కటీ లేదా?"

"ఒక్కటీ లేదు."

సిద్ధాంతిగారు నా వైపు జాలిగా చూశారు. "నాయనా, మూల ఉంటే అందులో దోషం వెతుకుతాను. మూలే లేకపోతే ఎక్కడని వెతకను?"

"సముద్రం?" అన్నాను ఆశగా.

"తూర్పున."

"మరుగుదొడ్డి?"

"విడిగా, వాయవ్యంలో."

"బాట?"

"సుబ్బరావమ్మక్క చెబితే, పక్కకి తిప్పి ఉన్న గదే అడిగాను సార్," అన్నాడు అనిల్ కుమార్.

నేను సిద్ధాంతిగారికి కన్ను గీటాను. ఆయన పైకే అనేశారు. "కన్ను గీటితే లాభం లేదు వీరాంజనేయులూ. శాస్త్రంలో లేని దోషం నేను చెప్పను. ఇంత చక్కటి గది మా ఇంట్లోనే లేదు."

నా దగ్గర ఆఖరి బాణం ఒకటి ఉంది. లేచి నిలబడి చేతులు జోడించాను. "గది సరే. కానీ పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకరాదని పెద్దలన్నారు. ఔనా గురువుగారూ?"

"ఔను," అన్నారాయన.

"చూశావా సుబ్బులూ? మామూలు రోజుల్లో అంత దూరం వెళ్లి ఒడ్డున కూర్చుని ఏం లాభం? నాకు మాత్రం మనసొప్పదు."

సుబ్బరావమ్మ గోడ మీది క్యాలెండర్ తీసుకొచ్చి బల్ల మీద పరిచింది. అది నా కొట్టు పేరు అచ్చేయించి నేనే ఊరంతా పంచిన క్యాలెండర్. మాఘ పౌర్ణమి చుట్టూ కుంకుమతో గుండ్రంగా సున్నా చుట్టి ఉంది.

"మనం దీవిలో దిగిన మర్నాడే మాఘ పౌర్ణమి," అంది. "సముద్రస్నానానికి ఇంతకన్నా మంచి రోజు ఉందాండీ గురువుగారూ?"

"లేదమ్మా. మహా పుణ్యం."

అలా నేను అండమాన్ వెళ్లాను.

దీవికి పోయే ఓడలో కళ్లు గట్టిగా మూసుకుని హనుమాన్ చాలీసా చదువుతూనే ఉన్నాను. పక్కసీటాయన నన్ను గొప్ప భక్తుడనుకుని నా కాళ్లకి దణ్ణం పెట్టాడు. సుబ్బరావమ్మ అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పౌర్ణమి తెల్లవారగానే నీళ్ల దగ్గరికి నడిచాం. మొదటి అల వచ్చింది. నా నోటికి అలవాటైన మాటే వచ్చేసింది. "సుబ్బులూ, కొట్టుకి తాళం..."

"ఆ మాట సూర్యలంకలోనూ అన్నారు," అంది ఆవిడ. "అప్పటికి మనం కొట్టే పెట్టలేదు."

నేను ఇసుక వైపు చూశాను.

"అంటే అప్పటి నుంచీ నీకు..."

"తెలుసు. రండి, చెయ్యి నేను పట్టుకుంటాను. ఎంత పెద్ద అలైనా నన్ను దాటుకునేగా మిమ్మల్ని ముట్టుకునేది."

పట్టుకుంది. మోకాళ్లదాకా, నడుందాకా, చివరికి ఇద్దరం ఒకేసారి మునిగాం. పైకి లేచేసరికి ఎదురుగా సూర్యుడు, ఒంటి నిండా ఉప్పు, నోట్లో గోవింద నామం. తల మీదినుంచి నీళ్లు కారుతుంటే సుబ్బరావమ్మ చిన్నపిల్లలా నవ్వుతోంది. ఇన్నేళ్లూ ఇదా నేను ఆవిడకి దక్కకుండా చేసింది అనిపించింది. అలలు వచ్చినకొద్దీ, మళ్లీ రా, మళ్లీ రా అని నేనే పిలిచాను. ఒడ్డుకి రమ్మని ఆవిడే బతిమాలాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని ముందుగా గుమ్మం దాటాను. సుబ్బరావమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎక్కడికండీ?"

"స్నానానికి."

"పౌర్ణమి నిన్నటితో అయిపోయింది. పర్వదినం కాని రోజు సముద్రాన్ని తాకరాదు. మీరు ఇదిగో ఈ కుర్చీలో కూర్చోండి."

నన్ను కూర్చోబెట్టి, నా భుజం మీది తువ్వాలు తను తీసుకుని నీళ్లవైపు నడిచింది.

"మరి నువ్వో?" అని కేకేశాను.

ఆవిడ నడుందాకా నీళ్లలోకి వెళ్లి, అప్పుడు వెనక్కి తిరిగింది.

"మనసొప్పదన్నది మీరు. నేను అన్లేదుగా."